పెదవుల సైజు అడిగితే అందరూ రంగు గురించే చెప్పారు: నా ఫిల్లర్ అనుభవం

నాకు 44 ఏళ్ళు. నాది నలుపు రంగు. సంబంధాలు చూసే రోజుల్లో మావాళ్ళు చామనచాయ అని చెప్పుకొచ్చారు, అది వేరే సంగతి. 2024 డిసెంబరులో హైదరాబాదులో పెదవులకు ఫిల్లర్, అంటే నిండుగా కనిపించడానికి సూదితో లోపలికి ఎక్కించే జెల్, వేయించుకున్నాను. వేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్న రోజుల్లో, నా రంగు ఆడవాళ్ళెవరైనా తమ అనుభవం చెప్పి ఉంటారేమోనని చాలా వెతికాను. దొరికిన వీడియోలన్నీ తెల్లటి ముఖాల మీద తీసినవే. వాపు సంగతి సరే, కమిలితే ఏ రంగులో కనిపిస్తుంది, దేన్ని చూసి భయపడాలి, దేన్ని చూసి ఊరుకోవచ్చు అన్న విషయాలు వాటిని చూసి నేర్చుకుంటే మనకు పనికిరావు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చిన్నప్పుడు నా పెదవులు లావుగా ఉండేవి. నాయనమ్మ పోలిక. బళ్ళో మూతి మీద ఎన్ని పేర్లు పెట్టారో ఇక్కడ రాయను. ఫోటో తీస్తున్నారంటే పెదవులు లోపలికి బిగించి నిలబడేదాన్ని. నలభై దాటాక ఆ పెదవులే కరగడం మొదలుపెట్టాయి. కింది పెదవి బాగానే ఉంది, పై పెదవి మాత్రం ఏటికేడు పలచబడింది. నవ్వితే మాయమైపోయేది. లిప్‌స్టిక్ వేస్తే అంచు ఎక్కడుందో తెలియక పైకి పాకేది. పత్రికల్లో చూసే హీరోయిన్ పెదవులు నాకు అక్కర్లేదు. 2004 నాటి నా పెళ్ళి ఆల్బంలో ఉన్న పెదవులు కావాలి. ఒకప్పుడు దాచుకున్నదాన్నే ఇప్పుడు డబ్బిచ్చి తెచ్చుకోవడమేమిటని నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను కూడా. అయినా కోరిక పోలేదు.

ఫిబ్రవరిలో, మాఘమాసంలో అక్క కూతురి పెళ్ళి. దానికి ముందే అయిపోవాలని నవంబరులో మొదలుపెట్టాను.

నవంబరు 9, శనివారం, ప్రకటనల్లో తరచుగా కనిపించే ఒక క్లినిక్‌కి వెళ్ళాను. ఫీజు 700 రూపాయలు. దాదాపు గంట కూర్చోబెట్టాక నన్ను పిలిచింది డాక్టరు కాదు, కౌన్సిలర్ అనే ఒక అమ్మాయి. చేతిలో ట్యాబ్. నేను "పై పెదవి పలచబడింది, దాన్ని..." అంటుండగానే నా పెదవుల వంక చూసి, "మేడమ్, ముందు పిగ్మెంటేషన్ తీసేద్దాం, అప్పుడే ఫిల్లర్ అందం తెలుస్తుంది" అంది. నా పెదవులు పుట్టినప్పటినుంచీ ఇదే రంగు. పై పెదవి ముదురు గోధుమ, కింది పెదవి మధ్యలో కాస్త గులాబి. మా ఇంట్లో ఆడామగా అందరివీ ఇలాగే ఉంటాయి. సిగరెట్టు తాగుతానా అని కూడా అడిగింది ఆ అమ్మాయి!

తర్వాత ట్యాబ్‌లో ఫోటోలు చూపించింది. ఏది కావాలో ఎంచుకోమంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి: మధ్యలో ఎత్తుగా, గుండె ఆకారంలో, అంచులు పైకి తిరిగి, లేత గులాబి రంగులో. ఆ ఫోటోల్లో నా రంగు ముఖం ఒక్కటీ లేదు. అడిగితే, "మన దగ్గరకి అందరూ వస్తారు మేడమ్, కానీ రిజల్ట్ ఇలా కావాలనే అడుగుతారు" అని జవాబు. చివర్లో ప్యాకేజీ రాసిచ్చింది: ఒక మిల్లీలీటరు ఫిల్లర్ 32,000, పెదవుల నలుపు తగ్గించే లేజరు ఆరు విడతలు 30,000, ఆ రోజే బుక్ చేస్తే పదిశాతం తగ్గింపు. డాక్టరు గారు ఎప్పుడు చూస్తారని అడిగితే "ప్రొసీజర్ రోజున" అంది. లేచి వచ్చేశాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. మన కావ్యాల్లో ఆడవాళ్ళ పెదవులు ఎప్పుడూ దొండపండే ఎందుకయ్యాయి, నేరేడుపండు ఎందుకు కాలేదు? నేరేడు కూడా నిగనిగలాడుతుంది, రుచికీ తక్కువ కాదు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ డబ్బా మీద ఫెయిర్ తీసేసి గ్లో అని వేసుకున్నారు. ఆ కౌన్సిలర్ అమ్మాయి నోట మాత్రం పాత డబ్బాయే పలికింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "నీ ఇష్టం" అన్నారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది కాబట్టి ఆ మాటలో ఇష్టం పాలు ఎంతో, వద్దన్న పాలు ఎంతో నాకు తెలుసు. అమ్మ ఒంగోలు నుంచి ఫోనులో, "దేవుడిచ్చిన మూతికి సూదులేమిటే? కావాలంటే రాత్రిపూట వెన్న రాసుకో" అంది. వెన్న ఎప్పుడో రాసి చూశాను.

రెండో డాక్టరు గురించి మా బ్యాంకు బ్రాంచిలో ఒక సహోద్యోగిని చెప్పింది. చర్మవ్యాధుల్లో ఎం.డి. చేసిన ఆవిడ. ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను. ప్రిస్క్రిప్షన్ మీద ఉండే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో ఉన్న వైద్యుల రిజిస్టరులో చూసుకున్నాను. రెండు నిమిషాల పని. అపాయింట్‌మెంటుకు మాత్రం మూడు వారాలు ఆగవలసి వచ్చింది. నవంబరు 30న ఇచ్చారు. ఫీజు వెయ్యి రూపాయలు.

ఆవిడ మొదట నన్ను మాట్లాడించి చూశారు. నవ్వమన్నారు, ఈల వేస్తున్నట్టు మూతి పెట్టమన్నారు, పక్కకు తిరగమన్నారు, పళ్ళు చూశారు. పెదవులకు వెనకనుంచి ఆసరా ఇచ్చేవి పళ్ళేనట. పై పళ్ళు అరిగినా, లోపలికి వాలినా పెదవి పలచగా కనిపిస్తుంది, అలాంటప్పుడు ఫిల్లర్ పోసి లాభం లేదు. నా పళ్ళు బాగానే ఉన్నాయి. తర్వాత ప్రశ్నలు: జ్వరం వచ్చినప్పుడు పెదవుల మీద పొక్కులు వస్తాయా? చెవులు కుట్టించుకున్న చోట మచ్చ గడ్డకట్టి పెరిగిందా? మొటిమ తగ్గాక నల్లమచ్చ ఎన్నాళ్ళు ఉంటుంది? రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా? ఈమధ్య పళ్ళకు ఏమైనా చేయించారా? పొక్కులు వస్తాయని, మొటిమ మచ్చలు నెలల తరబడి పోవని చెప్పాను.

నేను ఇంకా ఏమీ అడగకముందే, "రంగు గురించి ఎవరైనా ఏమైనా చెప్పారా?" అని ఆవిడే అడిగారు. జరిగింది చెప్పాను. "అది జబ్బు కాదమ్మా, మీ రంగు. కొత్తగా వచ్చిన మచ్చ అయితే వేరు. లేజరు వేస్తే ఇప్పుడున్నదానికంటే నల్లబడవచ్చు, లేదా అక్కడక్కడా తెల్లమచ్చలు పడవచ్చు. మీకు ఇబ్బందిగా ఉందా ఈ రంగు?" అన్నారు. లేదన్నాను. "అయితే దాని మాట వదిలేద్దాం." ఫైల్లో మాత్రం "ఫిట్జ్‌పాట్రిక్ టైప్ 5" అని రాశారు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది: 1975లో హార్వర్డ్ చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ మొదట తెల్ల చర్మం ఎండకు ఎలా కములుతుందో చెప్పడానికి చేసిన వర్గీకరణ అది. మన రంగులను ఆ తర్వాత చేర్చారు. ఇందులోనూ మనది చివరి వరుసల్లోనే.

సైజు మాట వచ్చినప్పుడు ఆవిడ చెప్పింది నాకు అన్నిటికంటే ఉపయోగపడింది. పుస్తకాల్లో పై పెదవి ఒక వంతు ఉంటే కింది పెదవి 1.6 వంతులు ఉండాలని ఒక లెక్క ఉందట. అది తెల్లవాళ్ళ ముఖాలను కొలిచి ఆదర్శంగా పెట్టుకున్నది. నల్లని వాళ్ళలో చాలామందికి రెండు పెదవులూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, వాళ్ళు కోరుకునేదీ అదే. ఆ పాత లెక్క ప్రకారం పోస్తే నా ముఖం నాది కాకుండా పోతుంది. మరో సంగతి కూడా చెప్పారు. పలచటి పెదవుల వాళ్ళకు అంచు వెంబడి గీత గీసినట్టు ఎక్కించి ఆకారం తెస్తారు. నాకు అంచు పుట్టుకతోనే స్పష్టంగా ఉంది, అక్కడ ఇంకా పోస్తే బాతు మూతి అవుతుంది. కావలసింది పెదవి లోపలి మెత్తటి భాగంలో కొద్దిగా. "ఈసారి వచ్చేటప్పుడు మీ పాతికేళ్ళ వయసు ఫోటోలు తీసుకురండి. ట్యాబ్‌లో బొమ్మలు నా దగ్గర లేవు" అని నవ్వారు.

పెళ్ళికి కనీసం నెల ముందే అయిపోవాలన్నారు. డిసెంబరు 14కి రాసుకున్నారు. వారం ముందునుంచి నొప్పి మాత్రలు, చేపనూనె, విటమిన్ ఇ వద్దన్నారు. గుండెకోసం ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకూడదు, అడిగి చేయాలి. నాకు పొక్కుల చరిత్ర ఉంది కాబట్టి ముందురోజునుంచే ఆ పొక్కులు తెచ్చే వైరస్‌ను అణిచే వాలసైక్లోవిర్ మాత్రలు ఇచ్చారు. సూది గుచ్చుళ్ళకు ఆ వైరస్ మళ్ళీ లేస్తుందట. పొక్కు వచ్చి మానినా, ఆ చోట మా రంగువాళ్ళకు మచ్చ మిగులుతుంది. ఈ మాట ఏ వీడియోలోనూ లేదు.

డిసెంబరు 14 ఉదయం పదకొండుకు రమ్మన్నారు. మొదట అంగీకార పత్రం. నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. బ్యాంకులో పనిచేసేదాన్ని కాబట్టి సంతకం పెట్టే ముందు చదవడం అలవాటు. చదివాను, భయపడ్డాను, పెట్టాను. రక్తనాళం మూసుకుపోయి చర్మం చచ్చిపోవడం అనే వాక్యం దగ్గర ఆగి ఆవిణ్ణి అడిగాను. అది అరుదేనని, అయినా జరగవచ్చని, జరిగితే ఈ ఫిల్లర్‌ను కరిగించే హయాలురోనిడేజ్ అనే మందు ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంటుందని చెప్పి, సీసా తెప్పించి చూపించారు. నాకు వేసే ఫిల్లర్ హయాలురోనిక్ ఆమ్లం జెల్, అందుకే కరిగించడం వీలవుతుంది. మీరు వెళ్ళే చోట ఈ సీసా ఉందో లేదో అడగండి. లేదంటే లేచి రండి.

మత్తు క్రీము రాసి అరగంటకు పైగా కూర్చోబెట్టారు. నోరంతా మొద్దుబారి, ఉమ్మి మింగడం కూడా అనుమానంగా ఉంది. నేను తెచ్చిన పెళ్ళి ఫోటోను గోడకు అంటించారు. ఆల్బంలో మూతి బిగించుకోని ఒకే ఒక్క ఫోటో అది, తలంబ్రాలు పోస్తూ నవ్వుతున్నది. సిరంజి పెట్టెను నా ఎదుటే తెరిచి, గడువు తేదీ చూపించి, అది ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు ఉన్న స్టిక్కరు ఒకటి ఫైలుకు, ఒకటి నాకిచ్చిన కాగితానికి అంటించారు.

నొప్పి గురించి నిజం చెప్పాలి. మత్తు క్రీము పని చేస్తుంది గానీ పూర్తిగా కాదు. నాకు వేసిన ఫిల్లర్‌లోనే లిడోకైన్ అనే మత్తుమందు కలిపి ఉంది, కాబట్టి మొదటి గుచ్చు కంటే తర్వాతివి నయం. పై పెదవి మధ్యలో, ముక్కు కిందకు వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. ఏడుపు కాదు, ఉల్లిపాయ కోస్తే వచ్చే నీళ్ళలాంటివి. ప్రతి గుచ్చు తర్వాతా ఆవిడ వేలితో నొక్కి, వదిలి, రంగు తిరిగి వస్తున్నదా, అంటే రక్తం ఆడుతున్నదా అని చూశారు. నా పెదవుల మీద పైన చూస్తే తెలియదని, పెదవిని తిప్పి లోపలి తడి భాగంలో చూశారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మిల్లీలీటరులో 0.7 మాత్రమే వాడారు. మిగిలింది దాచి తర్వాత వేస్తారా అని ఆశగా అడిగాను. తెరిచిన సిరంజి మళ్ళీ వాడనని నా ముందే పడేశారు. డబ్బు మాత్రం మొత్తం సిరంజికే: 28,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 5,040. అందం కోసం చేయించుకునేదానికి జీఎస్టీ ఉంటుందని నాకు బిల్లు చూసేదాకా తెలియదు. ఆరోగ్య బీమా ఎలాగూ రాదు. మందులు ఇంకో ఆరువందలు.

వచ్చేముందు ఇచ్చిన జాగ్రత్తల కాగితం అచ్చేసింది. అందులో "చర్మం తెల్లబడినా, ఎర్రబడినా వెంటనే ఫోను చేయండి" అని ఉంది. ఆవిడ ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, పక్కన చేత్తో రాశారు. మన చర్మంలో తెల్లబడటం తెల్లగా కనిపించదు, బూడిదరంగులో ఉంటుంది. ఎరుపు ఎరుపులా ఉండదు, ముదురు ఊదాలోకో నలుపులోకో పోతుంది. కాబట్టి రంగును నమ్ముకోవద్దు. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నదా, ఆ చోటు చల్లగా ఉందా, వల అల్లినట్టు మచ్చలు పాకుతున్నాయా, నొక్కి వదిలితే రెండోవైపు కంటే ఆలస్యంగా రంగు వస్తున్నదా, ఇవి చూసుకోవాలి. వీటిలో ఒక్కటి కనిపించినా రాత్రి రెండయినా ఫోను చేయమన్నారు. ఉదయం వెలుతురులో, ఒకే కిటికీ దగ్గర, రోజూ ఫోటో తీసి పెట్టుకోమన్నారు. ట్యూబులైటు కింద తీసినవి మనకు పనికిరావు.

ఆ రాత్రి వాపు మొదలైంది. మర్నాడు ఆదివారం ఉదయం అద్దంలో చూసుకుని కూర్చుండిపోయాను. ఇది నేను అడిగింది కాదు, ఆ క్లినిక్ ట్యాబ్‌లోదీ కాదు, మరేదో. మా అబ్బాయి ఒక్కసారి చూసి, మర్యాదగా ఫోనులోకి తల దించేశాడు. మా ఆయన కాఫీ చల్లార్చి తెచ్చారు. వేడివి వద్దన్నారు, స్ట్రాతో తాగడమూ వద్దన్నారు. రెండు రోజులు మెత్తటి పప్పన్నం, పెరుగన్నం. ఊరగాయ జాడీ వైపు చూడలేదు.

సోమవారం సెలవు పెట్టాను. ఆ ఉదయమే ఎడమవైపు కింది పెదవి మూలన నల్లటి మచ్చ కనిపించింది. వీడియోల్లో కమిలిన చోటు నీలంగా, ఊదాగా ఉండగా చూశాను. ఇది కాలినట్టు నల్లగా ఉంది. చర్మం చచ్చిపోవడమనే ఆ నాలుగో పేజీ వాక్యం గుర్తొచ్చి చేతులు వణికాయి. కాగితంలో ఉన్నట్టు నొక్కి చూసుకున్నాను, నొప్పి పెరగలేదు, వెచ్చగానే ఉంది. అయినా ఫోను చేశాను. ఆవిడ వీడియోలో కిటికీ దగ్గరకు వెళ్ళమని, రెండు వైపులా నొక్కించి చూసి, కమిలిందే అన్నారు. మన చర్మంలో కమిలిన రక్తం ఇలాగే కనిపిస్తుందట. వారం పైన పట్టింది పోవడానికి. ఎండ తగలనివ్వవద్దని, దాని మీద ఏ తెల్లబరిచే క్రీమూ రాయవద్దని గట్టిగా చెప్పారు.

మంగళవారం మాస్కు పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. జలుబన్నాను, ఎవరూ ఏమీ అడగలేదు. ఊహించని చిక్కు మాటల్లో వచ్చింది. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ సరిగ్గా కలవాలి కదా. కలవడం లేదు. పాస్‌బుక్ అంటే ఫాస్‌వుక్ అని వినిపిస్తోంది. ఒక పెద్దాయన రెండుసార్లు "ఏమిటమ్మా?" అని అడిగి, మూడోసారి పక్క కౌంటరుకు వెళ్ళిపోయారు. గురువారానికి మాట దారికొచ్చింది. లోపల నాలుకకు తగిలే చిన్న చిన్న గడ్డలు మరో పది రోజులు ఉన్నాయి. పిసకవద్దని ముందే చెప్పారు కాబట్టి చేతులు అణుచుకున్నాను. ఈ గడ్డల గురించి చెప్పకపోయి ఉంటే రోజూ ఫోను చేసి ఆవిణ్ణి చంపేసేదాన్ని.

డిసెంబరు 28న మళ్ళీ చూశారు. దీనికి ఫీజు లేదు. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టారు. కుడివైపు ఒక వెంట్రుకవాసి తక్కువ ఉంది. సరిచేయాలా అని అడిగారు. పెళ్ళి ఫోటోలో కూడా కుడివైపు అంతే తక్కువ ఉంది, అలాగే ఉంచమన్నాను. పై పెదవి నవ్వినప్పుడు మాయం కావడం లేదు. లిప్‌స్టిక్ అంచు నిలుస్తోంది. నేను కోరుకున్నది అంతే, అంతవరకూ వచ్చింది. మొత్తం ఖర్చు, మొదటి క్లినిక్‌కి పోసిన 700 కలిపి, ముప్పై అయిదు వేల పైచిలుకు.

ఫిబ్రవరిలో పెళ్ళి. చుట్టాల్లో ఒక్కరూ కనిపెట్టలేదు. అక్క మాత్రం "బాగా నిద్రపోతున్నట్టున్నావే, ముఖం తేరుకుంది" అంది. ఇంతకంటే మంచి ప్రశంస ఈ పనికి ఉండదనుకుంటాను. గొడవ జరిగింది మేకప్ దగ్గర. పెళ్ళికూతురితో పాటు మాకూ వేస్తానని వచ్చిన అమ్మాయి నా పెదవుల మీద మొదట లేతరంగు కన్సీలర్ పూసి, నా అంచుకు లోపలిగా గీత గీసి, దానిలో గులాబి నింపింది. లావు పెదవులు చిన్నగా కనిపించడానికి, నలుపు కప్పడానికి ఆమె రోజూ చేసే పనే అది. ముప్పై అయిదు వేలు పెట్టి తెచ్చుకున్నదంతా రెండు నిమిషాల్లో కనుమరుగు. తుడిచేయమన్నాను. "కానీ ఆంటీ, ఫోటోల్లో డార్క్‌గా వస్తాయి" అంది. రానీ అన్నాను. ముదురు వంగపండు రంగు వేయించుకున్నాను, అసలు అంచు మీదుగా. పక్కన కూర్చున్న పిన్ని కూతురు, నాకంటే నలుపు పిల్ల, తనకూ అదే వేయమంది.

ఇది ఆరునెలలనుంచి ఏడాది దాకా ఉంటుందని, మెల్లగా కరుగుతుందని చెప్పారు. మళ్ళీ వేయిస్తానా అంటే ఇంకా తేల్చుకోలేదు. ఏటా ముప్పై వేలంటే మా ఇంటి బడ్జెట్‌లో అది గొలుసు కొనడానికి వేసే ఒక చీటీ. మార్చి మొదట్లో పంటి నొప్పితో దంతవైద్యుడి దగ్గరకు వెళ్ళాను. పెదవులకు ఫిల్లర్ ఉందని చెబితే, ఏది, ఎప్పుడు అని అడిగాడు. ఫోనులో దాచుకున్న స్టిక్కరు ఫోటో చూపించాను. వేసి రెండు వారాలు దాటింది కాబట్టి ఇబ్బంది లేదని, అంతకు ముందయితే వాయిదా వేసేవాణ్ణని చెప్పి కుర్చీ వెనక్కి వాల్చాడు. ఆ స్టిక్కరు మీకు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.